అమ్ము ఆనే చోటు

శ్రోతలు ఒక్క క్షణం చేతిలోని పని ప్రక్కన పెట్టి, ఎడమచేతిని ముందుకు చాచి, నిలువుగా ఒక కర్రను పట్టుకొన్నట్లు పిడికిలి బిగించవలెనని కోరుతున్నాను. విల్లును ఎదుట పెట్టి మాట్లాడే వీలు రేడియోలో లేదు గనుక ఈ పూటకు మీ పిడికిలే మనకు ఆధారం. ఇప్పుడు ఆ పిడికిలి పైన, చూపుడువేలి మొదటి కణుపు మీద, ఒక పెన్సిలును మొన అవతలికి ఉండేటట్లు ఆనించండి. పెన్సిలు క్రింద కణుపు మీద ఆనుతుంది. ప్రక్కన కర్రకు తగిలి నిలుస్తుంది. బాణానికి వింటి కర్రతోను, దానిని పట్టిన చేతితోను ఉన్న చుట్టరికమంతా ఈ రెండు తావులే. రెండూ కలిసి ఒక వక్కంత చోటు. ఆ వక్కంత చోట ఏ పదార్థాన్ని ఉంచవలెననేదే నేటి ప్రసంగ విషయం.

ఇంత చిన్న సంగతికి ఒక ప్రసంగమా అని అనిపించవచ్చును. పూర్వులకు కూడా అట్లే అనిపించినట్లున్నది. అమరసింహుడు తన నిఘంటువులో వింటి నడుమకు లస్తకమని పేరు చెప్పినాడు. కొనకు అటని అన్నాడు. నారికి మౌర్వి, జ్య, శింజిని, గుణము అని నాలుగు పేర్లు ఇచ్చినాడు. నారిదెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొనే తోలును సైతం గోధ, తల అని రెండు పేర్లతో పిలిచినాడు. బాణపు ఈకలు, అమ్ములపొది, విలుకాని నిలకడలు, అన్నిటికీ పేర్లున్నవి. బాణం వింటిని తాకే చోటుకు మాత్రం ఆ వరుసలో పేరు లేదు. 1545లో ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ ‘టాక్సోఫిలస్’ అనే గ్రంథాన్ని ప్రకటించి ఎనిమిదవ హెన్రీకి సమర్పించినాడు. ఆయన ముంజేతి తోలును గురించి, వ్రేళ్ళ తొడుగును గురించి, నారిని గురించి, విల్లును గురించి, అమ్మును గురించి వేరువేరుగా ఓపికతో వ్రాసినాడు. ఈ చోటుకు ఆయన గ్రంథంలోనూ ఒక అధ్యాయం దక్కలేదు.

పేరు లేనిదానిని గురించి మాట్లాడడం కష్టం. ఇంగ్లీషువారు క్రింద ఉండేదానిని ఆరో రెస్ట్ అనీ, ప్రక్కన ఉండేదానిని స్ట్రైక్ ప్లేట్ అనీ అంటారు. మనము క్రిందిదానిని పరుపు అనీ, ప్రక్కదానిని బిళ్ళ అనీ పిలుచుకొందాము. మంచి మాటలు తోచినవారు తరువాత మార్చుకొనవచ్చును.

మొదట పరుపూ లేదు, బిళ్ళా లేదు. చేయే పరుపు. ఆస్కమ్ గ్రంథం వెలువడిన 1545లోనే ‘మేరీ రోజ్’ అనే ఇంగ్లీషు యుద్ధనౌక పోర్ట్స్‌మత్ వద్ద మునిగిపోయినది. 1982లో దానిని పైకి తీసినారు. ఆ నౌకలో నూటికి పైగా యూ అనే చెట్టుకర్రతో చేసిన విండ్లు దొరికినవి. వాటికి పిడి వద్ద నేటివలె మెట్టుగాని, అరుగుగాని చెక్కలేదు. నున్నని కర్ర, దానిని పట్టిన పిడికిలి, ఆ పిడికిలి మీద అమ్ము. మన అడవులలో వెదురు వింటిని పట్టే గిరిజనుల పద్ధతి కూడా ఇంతే. జపానువారు బాణాన్ని వింటికి కుడిప్రక్కన ఉంచి ఎడమచేతి బొటనవేలి మొదట ఆనిస్తారు. వారు నారిని బొటనవేలితో లాగుతారు గనుక ప్రక్క మారినది. బాణం ఒరసుకొనే మేర మాత్రం కర్రకు పేము చుట్టుతారు. ఆ చుట్టుకు వారి భాషలో యజురితో అనే పేరే ఉన్నది. నేనెరిగినంతలో ఈ చోటును పేరుపెట్టి గౌరవించినవారు వారే.

చేయి పరుపు కావడంలో ఒక బాధ ఉన్నది. పక్షి ఈక అనగానే మెత్తనిదని అనుకొంటాము. దాని నడుమ ఉన్న కాడ మెత్తనిది కాదు. బాణానికి అంటించిన ఈక ముందుకొన కాస్త లేచి ఉన్నదంటే, నారి వదలిన క్షణంలో అది సూదివలె కణుపును చీల్చుకొంటూ పోతుంది. అందుచేతనే విలుకాండ్రు ఎడమచేతికి పలుచని తోలు తొడుగు వేసుకొనడం, ఈకల ముందుకొనకు దారం చుట్టి జిగురు పూయడం అలవాటు చేసుకొన్నారు. ఈ దారపు చుట్టు సంగతి మరవవద్దు. దానిని మరచిన ఫలితంగా ఏర్పడిన మచ్చ నా చూపుడువేలి మీద ఇప్పటికీ ఉన్నది.

రెండవ బాధ వింటిది. ఒకే చోట వేలసార్లు అమ్ము ఒరసుకొంటే యూ వంటి మెత్తని కర్ర గాడి పడుతుంది. కనుక ఇంగ్లండులోని విల్లుపనివారు కాలక్రమాన ఆ చోట పిడికి పైగా ఎడమప్రక్కన కొమ్ముముక్కనో, ఎముకనో, ముత్యపుచిప్పనో పొదగడం మొదలుపెట్టినారు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు విండ్లను చిత్రాలలో చూచినవారికి పిడి పైన మెరిసే ఆ ముత్యపుచిప్ప బిళ్ళ గుర్తుండవచ్చును. అది చూపుకు అలంకారం, పనికి కవచం. నున్నగా, గట్టిగా, పలుచగా ఉంటుంది. ఈ మూడు గుణాలు గుర్తుంచుకొనండి.

ఇరువదవ శతాబ్దంలో అమెరికావారు కర్రను, గాజునారను పొరలు పొరలుగా అతికి విండ్లు చేయసాగినారు. అట్టి కర్రకు పిడి పైన ఒక మెట్టును లోపలికి కోయవచ్చును. బాణం చేతి మీద కాక ఆ మెట్టు మీద కూర్చుంటుంది. మన ఇంటి ముందరి అరుగు వంటిదే. అరుగు అనే అందాము. అరుగు వచ్చిన తరువాతనే దాని మీద ఏమి పరచవలెను, దాని ప్రక్కగోడకు ఏమి అంటించవలెను అనే ప్రశ్న పుట్టినది. నేడు సంప్రదాయపు విల్లు అనే పేరుతో ప్రపంచమంతటా అమ్మే వాటిలో ఎక్కువ భాగం ఇట్టివే. ఇకమీద నేను చెప్పేదంతా వీటిని గురించే.

పదార్థాల జోలికి పోవుటకు ముందు, ఆ చోట జరిగేది ఏమిటో తెలియవలెను. కంటికి అది కనబడదు. బాణం నారిని వదలిపోవడానికి పట్టే కాలం సెకనులో చాలా చిన్న భాగం. 1930 ప్రాంతాలలో క్లారెన్స్ హిక్మన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త, టెలిఫోను పరిశోధనకు ప్రసిద్ధిపొందిన బెల్ ప్రయోగశాలలో పనిచేసినవాడు, అతివేగపు ఛాయాచిత్రాలతో ఆ భాగాన్ని పట్టుకొన్నాడు. ఆ చిత్రాలలో బాణం నిటారుగా పోవడం లేదు. పాము వలె వంగుతూ పోతున్నది.

కారణం ఇది. నారి వింటి నడుమకు సరిగా ఎదురుగా ముందుకు దూకుతుంది. బాణపు మొన మాత్రం కర్ర మందం అడ్డువచ్చి కొంచెం ఎడమకు చూస్తూ ఉంటుంది. పైగా వ్రేళ్ళనుండి జారేటప్పుడు నారి కాస్త ప్రక్కకు తొలగుతుంది. వెనుకనుండి తోపు, ముందు మొన బరువు. ఈ రెంటి నడుమ సన్నని పుల్ల వంగక తప్పదు. మొదట బిళ్ళవైపు వంగి దానిని అదుముతుంది. తరువాత ఎదురుదిక్కుకు వంగి బిళ్ళనుండి దూరంగా తొలగుతుంది. ఈకలు వచ్చే సమయానికి తోక కూడా వింటినుండి ప్రక్కకు ఊగి, ఏదీ తగులకుండ దాటిపోతుంది. వింటికి తగిన వంపు గల బాణమైతేనే ఇట్లు జరుగుతుంది. మరీ బిరుసైనది సకాలంలో వంగక ఎడమకు పోతుంది. మరీ మెత్తనిది ఎక్కువగా వంగి కుడికి పోతుంది. ఎడమచేత విల్లు పట్టి కుడిచేత లాగేవారి మాట ఇది. ఎడమచేతి వాటం గలవారు తిరగవేసుకొనవలెను.

కాబట్టి బిళ్ళ అనేది కేవలం కర్రకు వేసిన తొడుగు కాదు. దాని మందం బాణం ఎటు చూడవలెనో నిర్ణయిస్తున్నది. బిళ్ళ ఒక మిల్లీమీటరు మందమైతే బాణం అంతమేర ఎడమకు జరుగుతుంది. మామూలు బాణమే బిరుసుబాణం వలె నడుస్తుంది. ఈ ఒక్క మాట తెలియక నేను చేసిన పొరపాటును చెప్పవలసియున్నది.

నాకు ఒక మిత్రుడు అమెరికానుండి తెచ్చి ఇచ్చిన విల్లు ఉన్నది. ముప్పదియైదు పౌనుల బలం గలది. దానిని నేను నా మేనల్లునికి ఇచ్చినాను. అప్పటికి వానికి పదునాలుగేండ్లు. ఇచ్చేముందు నాకు తోచిన మేలు చేయవలెనని, అరుగు ప్రక్కగోడకు ఉన్న పాత బిళ్ళను ఊడబెరికి, చెప్పుల అట్టకు వాడే దళసరి తోలును చక్కగా కోసి అంటించినాను. కనీసం మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. గట్టిగా ఉంటే చిరకాలం మన్నుతుందని నా నమ్మకం. ఆ తరువాత నాలుగు నెలలు ఆ పిల్లవాడు ఇరువది మీటర్ల దూరంలో వేసిన ప్రతి బాణమూ ఎడమకే పోయినది. శిక్షణ ఇచ్చే ఆయన నిలువుకాలు మార్చమన్నారు. వ్రేళ్ళు వదలడం సరిగా లేదన్నారు. మనస్సు నిలకడగా లేదని కూడా అన్నారు. వాడు అన్నీ మార్చుకొన్నాడు. ఒకనాటి సాయంకాలం విల్లును గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి, “నా చేతిలోనే ఏదో దోషం ఉంది మామయ్యా, ఇది ఇంకెవరికైనా ఇచ్చెయ్యి” అన్నాడు.

నేను వానిని ఊరడించడానికి మాటలు వెదకుకొంటూ విల్లును చేతిలోకి తీసుకొన్నాను. నారిని వింటి నడుమకు సరిపెట్టి, బాణాన్ని ఎక్కించి వెనుకనుండి చూచినాను. మొన ఎంత ఎడమకు ఉన్నదో అప్పుడు మొదటిసారి చూచినాను. తోలును కత్తితో లేపివేసి ఒక్క పలుచని పొరను అంటించినాము. మరునాడు వాని బాణాలు నడుమకు వచ్చినవి. అన్నీ వచ్చినవని చెప్పను. పదునాలుగేండ్ల పిల్లవాడు పదునాలుగేండ్ల పిల్లవాడే. కాని తప్పినవి రెండువైపులకూ తప్పినవి. నాలుగు నెలలపాటు వాడు మోసిన తప్పు వానిది కాదు, నాది.

ఇక పదార్థాలు. అమెరికా వేటగాండ్రు ఈ విషయమై చాలా వ్రాసినారు. మనకు దొరికే సలహాలలో ఎక్కువ భాగం వారివే. వారు మెచ్చుకొనేవి వెండ్రుకలతో కూడిన చర్మాలు: దూడతోలు, ఎలుగుబంటి తోలు, సీలు అనే సముద్రజంతువు తోలు. బాణం లాగేటప్పుడు అరుగు మీద గీరుకొన్న సన్నని చప్పుడు లేడి చెవిన పడకూడదు. వానలో తడిసినా పరుపు ముద్దగా కాకూడదు. వెండ్రుకల పరుపుకు ఆ రెండు గుణాలూ ఉన్నవి. నిజమే. కాని మనకు లేడి ఎక్కడిది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద మన దేశంలో వేట నిషిద్ధం. ఎలుగుబంటి ఆ చట్టం కాపాడే జంతువులలో ఒకటి, దాని తోలును కొనడం, అమ్మడం నేరం. సీలు తోలు వ్యాపారాన్ని ఐరోపా సమాజం 2009లో నిషేధించినది. కనుక వాటి ప్రసక్తి అక్కడితో సరి. మనము బాణం వేసేది గడ్డిమోపు మీద అతికించిన కాగితానికి. కాగితానికి చెవులు లేవు. వేటగాని కారణాలను విడిచిపెడితే మన ఎంపిక తేలిక అవుతుంది: చప్పుడు కంటె ముఖ్యమైనది, ఈరోజు ఉన్న మందమే రేపూ ఉండడం.

ఈ కొలతతో చూస్తే వెండ్రుకల తోలుకు మొదటి స్థానం దక్కదు. దూడతోలు దొరకడం కష్టం కాదు, మొదట్లో చక్కగా ఉంటుంది. వెండ్రుకలు బాణం పోయే దిక్కుకు వాలేటట్లు అంటించవలెను. తిరగవేసి అంటిస్తే అవి ఈకలకు ఎదురుతిరుగుతవి. కాని వెండ్రుక రోజురోజుకు అణగుతుంది, నడుమ రాలుతుంది. వింటి ఎత్తు, ప్రక్క మందం రెండూ మనకు తెలియకుండ మారిపోతవి.

పదను చేసిన తోలు, మన చెప్పులు కుట్టేవారి వద్ద దొరికే ఒక మిల్లీమీటరు తోలు, నా అభిప్రాయంలో ప్రారంభించేవారికి అన్నిటికంటె నమ్మదగినది. నున్నని ముఖం పైకి ఉండవలెను. గరుకు ముఖం మెత్తగా ఉంటుందని కొందరు దానిని పైకి పెడతారు. అది నూగు లేచి అరుగుతుంది. అరుగు మీద పరుపుగాను, ప్రక్కన బిళ్ళగాను రెండింటికీ ఇదే చాలు. దీనికి శత్రువు తడి. కోస్తా జిల్లాలలో వర్షాకాలం వస్తే తోలు ఉబ్బుతుంది, బూజు పడుతుంది. తేనెమైనం పలుచగా రుద్ది గుడ్డతో తుడిస్తే చాలవరకు ఆగుతుంది.

పచ్చితోలును కూడా నేను పరీక్షించినాను. నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకతోలు వంటిది, పదను చేయనిది, వెలుతురు కనబడేటంత పలుచనిది. ఎండినప్పుడు కొమ్మువలె గట్టిగా, బిళ్ళకు ఎంతో అనువుగా ఉన్నది. మొదటి వాన రాగానే అంచులు అప్పడంవలె లేచినవి. బొమ్మకు ఉన్న ప్రజ్ఞ బిళ్ళకు లేదు.

ఉన్ని మరొకటి. నేయకుండ అదిమి చేసిన దట్టపు ఉన్నిగుడ్డ పరుపుకు మంచిది. ఇది హార్మోనియం మెట్ల క్రింద వేస్తారు. వాద్యాలు బాగుచేసేవారిని అడిగితే చేరెడు ముక్క ఇస్తారు. 1940లో మా ఆకాశవాణి హార్మోనియాన్ని బహిష్కరించి మూడు దశాబ్దాలు దూరంగా ఉంచినది. ఆ కాలంలోనైతే నాకు స్టూడియో పరిసరాలలో ఈ గుడ్డ దొరికేది కాదేమో. తివాచీ ముక్కను కోసి పరచేవారున్నారు. ఏలూరు తివాచీ ఎంత అందమైనదైనా దాని ఉన్నిపోగులు అరుగు మీద మరీ లోతు. బాణం అందులో కూరుకొనిపోతుంది. కత్తిరించి సగం ఎత్తు చేస్తేనే పనికివస్తుంది. వెల్క్రో అనే అంటుపట్టీలోని మెత్తని ముఖాన్ని కూడా చాలామంది వాడుతున్నారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, తడికి వెరవదు. కొక్కెముల ముఖాన్ని మాత్రం ఎన్నడూ వాడవద్దు. అది కరకరలాడడమే గాక ఈకలను నమిలివేస్తుంది.

గట్టి బిళ్ళలలో కొమ్మును మించినది నేను చూడలేదు. పర్లాకిమిడి పనివారు బొమ్మలు చెక్కే గేదెకొమ్ము వంటిదే, సుమారు ఒక మిల్లీమీటరుకు అరగదీసి, వింటి ప్రక్కకు సరిపోయే వంపు ఇస్తే ఏండ్లు గడచినా మందం మారదు. వేడి తగిలిస్తే కొమ్ము మెత్తబడి వంగుతుంది, కనుక వంపు ఇవ్వడం కష్టం కాదు. రాకుతున్నప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకొనండి. ఆ ధూళి మంచిది కాదు, ఇంట్లోవారికి ఆ వాసనా సహింపరానిది. పాత పుస్తకాలలో దంతపు బిళ్ళల మాట వస్తుంది. ఏనుగుదంతపు అంతర్జాతీయ వ్యాపారం 1990లో ఆగిపోయినది, అది ఆగవలసినదే. కొమ్ము బిళ్ళకు ఒకటే లోపం, టిక్కుమనే చప్పుడు. ఆ చప్పుడు నాకు ఇష్టం. కొందరికి చిరాకు.

ఇంతవరకు పదార్థాన్ని గురించి చెప్పినాను. దానికంటె ఆకారం ముఖ్యమని చెప్పితే ముందే చెప్పలేదేమని అడుగుతారు. నిజానికి నాకు ఆ జ్ఞానం చివరనే కలిగినది. తంబురా వాయించేవారికి ఇది వెంటనే తెలుస్తుంది. తీగలు ఆనే పీట మీద, తీగక్రింద ఒక దారపుపోగు ఉంచుతారు. ఆ పోగును ముందుకూ వెనుకకూ వెంట్రుకవాసి జరిపితే శ్రుతి పలకడమే మారిపోతుంది. దారం పట్టుదా నూలుదా అనే ప్రశ్న తరువాతిది. తీగ ఎక్కడ, ఎంత మేర ఆనుతున్నది అనేది ముందుది. వింటి అరుగు కూడా అంతే. అరుగు చదునుగా ఉంటే బాణం రెండంగుళాల పొడవున ఒరసుకొంటుంది. ఈకలు అంతసేపు తగులుతవి. పిడికిలి కొద్దిగా తిరిగినా ఆ తిరుగుడు బాణానికి సోకుతుంది. అరుగు నడుమ చిన్న గట్టువలె ఎత్తుగా ఉంటే బాణం ఒక్కచోటనే ఆనుతుంది. ఆ గట్టు పిడిలో మన చేయి లోతుగా కూర్చునే చోటుకు సరిగా పైన ఉండవలెను. బిళ్ళలోని ఎత్తు కూడా దానికి ఎదురుగానే ఉండవలెను, ముందుకో వెనుకకో జరుగరాదు. చేయి తిరిగినప్పుడు అన్నిటికంటె తక్కువ కదిలేది ఆ నిలువుగీత మీదనే.

దీనికి ఖర్చు లేదు. పరుపును అంటించేముందు దానిక్రింద అగ్గిపుల్ల ఒకటి అడ్డంగా పెట్టి అంటించండి. బిళ్ళక్రింద ఇంకా సన్నని పుల్ల, నిలువుగా. అంతే. మా మేనల్లుని వింటికి ఇప్పుడున్నది ఇదే ఏర్పాటు.

సరిగా అమరినదో లేదో చూడడానికి ఒక ఉపాయం. పరుపు మీద, బిళ్ళ మీద కాస్త విభూతి పలుచగా అద్ది, దగ్గరనుండి ఒక్క బాణం వేయండి. ఈకలను పరిశీలించండి. తెల్లని గీత లేకుంటే, లేదా ఒక ఈక అంచున మాత్రమే ఉంటే బాగున్నట్లు. ఈకంతా విభూతి పూసుకొని పోతే బాణం బలంగా ఒరసుకొంటున్నదన్నమాట. అప్పుడు పదార్థాన్ని నిందించి మార్చవద్దు. బాణం వంపు సరిపోలేదో, బిళ్ళ మందం ఎక్కువైనదో, నారి మీద బాణం తగిలించే గుర్తు క్రిందుగా ఉన్నదో చూడండి. ఆ గుర్తు సాధారణంగా పరుపు మట్టానికి సుమారు ఒక సెంటీమీటరు ఎత్తున ఉండవలెను. పరుపును మార్చి రెండు మిల్లీమీటర్లు ఎత్తుచేసినవారు ఈ గుర్తును కూడా అంతే పైకి జరపాలి. ఇది మరచి, క్రొత్త పరుపు చెడ్డదని పారవేసినవారిని ఎరుగుదును. వారానికి ఒకసారే పరుపు అరిగిపోతున్నదంటే అది పరుపు లోపం కాదు, బాణం చెప్పుతున్న ఫిర్యాదు.

అరుగు మీదనుండి వేసే బాణానికి పక్షి ఈకలే ఉండవలెను. ప్లాస్టిక్ రెక్కలు వంగవు. అరుగును తన్ని బాణాన్ని ఎగదన్నుతవి. ఈక మాత్రం తగిలినచోట మడిగి, దాటగానే విచ్చుకొంటుంది. మూడింటిలో వేరు రంగు ఈకను వింటికి ఎడంగా, బయటివైపు ఉంచడం సాధారణమైన ఆచారం.

జిగురు సంగతి క్లుప్తంగా. చెప్పులు అతికే రబ్బరు జిగురు గట్టిగా పట్టుతుంది. ఊడదీసేటప్పుడు వింటి మెరుగుపూత కూడా లేస్తుంది. రెండువైపులా అంటుకొనే పట్టీ సులభంగా వస్తుంది, కనుక ప్రయోగదశలో అదే వాడండి. వేసవిలో విజయవాడ ఎండకు నిలిపియుంచిన కారులో విల్లును వదలిపెడితే ఆ పట్టీ కరగి బిళ్ళ జారుతుంది. అట్లు జారిన బిళ్ళ తిరిగి అదేచోట కూర్చోదు. కారులో వదలడం వింటి కర్రకే మంచిది కాదనుకొనండి, అది వేరే ప్రసంగం.

పోటీలకు పోయేవారు నియమాలు చూచుకొనవలెను. ప్రపంచ విలువిద్యా సమాఖ్య లాంగ్‌బో విభాగంలో అరుగు ఉంటే దానిని ఏ పదార్థంతోనైనా కప్పవచ్చును. వేరే అమరిక ఏదీ తగిలించరాదు. ఇంగ్లీషు సంప్రదాయపు పొడవువింటికి అరుగే పనికిరాదు; ప్రక్కన బిళ్ళ పొదగవచ్చును, బాణం చేతి మీదనే ఆనాలి.

ఆ చివరి పద్ధతిని అభ్యసించేవారి కోసం మళ్ళీ ఆ దారపు మాట. సన్నని పట్టుదారం, ఈక ముందుకొన మీద ఏడెనిమిది చుట్లు, దాని మీద ఒక బొట్టు జిగురు. ఆరిన తరువాత వ్రేలితో వెనుకకు రుద్ది చూడండి. గోటికి ఏదీ తగులకూడదు. తగిలితే ఆ బాణాన్ని ఆనాటికి ప్రక్కన పెట్టండి.